సైకిల్ సందేహాలు: క్లిప్‌లెస్ పెడళ్లు, దారిలో వచ్చే తంటాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం క్లిప్‌లెస్ పెడళ్ల (బూటు అడుగును పట్టేసుకునే పెడళ్లు) గురించి, సగం దారి మధ్యలో మొరాయించిన సైకిళ్ల గురించి. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ఇన్నాళ్లూ మామూలు పెడళ్లతోనే తొక్కాను. ఇప్పుడు క్లిప్‌లెస్ పెడళ్లు, వాటి బూట్లు కొన్నాను. సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు కాలు ఊడిరాక పడిపోతానేమోనని ఇంకా బిగించనేలేదు. ఎలా మొదలుపెట్టమంటారు?

మీ భయం ఉత్తదేం కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా పడేది సైకిలు పూర్తిగా ఆగిన క్షణంలోనే. బ్రేకు వేస్తారు, సైకిలు నిలబడిపోతుంది, అప్పుడు గుర్తొస్తుంది కాలు. కంగారులో పాత అలవాటు కొద్దీ పైకి లాగుతారు. పైకి లాగితే వదలకూడదనే ఈ పెడల్‌ను అలా చేశారు. మడమను బయటికి తిప్పితేనే వదులుతుంది. కాబట్టి కాలు ఎక్కించడం కన్నా విడిపించడం ముందు నేర్చుకోండి. అది ఆలోచించకుండా జరిగిపోయేదాకా రద్దీ రోడ్డు ఎక్కకండి.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ధైర్యం వస్తుంది. బూటు అడుగున బిగించే చిన్న ముక్కను క్లీట్ అంటారు. దాని ముందు కొస పెడల్ ముందున్న కొక్కెం కిందికి దూరుతుంది. తర్వాత పాదం ముందు భాగంతో కిందికి నొక్కితే వెనకున్న స్ప్రింగు పట్టు తెరుచుకుని క్లీట్‌ను పట్టేసుకుంటుంది, టక్‌మని చప్పుడు వస్తుంది. మడమ బయటికి తిరిగినప్పుడు క్లీట్ అంచు ఆ పట్టును వెనక్కి నెట్టి బయటపడుతుంది. స్ప్రింగు ఎంత వదులుగా ఉంటే అంత తేలిగ్గా వస్తుందన్నమాట. చాలా ఎస్‌పీడీ పెడళ్లలో (షిమానో సంస్థ తెచ్చిన రెండు బోల్టుల రకం) దీన్ని సర్దడానికి 3 మి.మీ. అలెన్ కీ పట్టే చిన్న మర ఉంటుంది. మైనస్ గుర్తు వైపు చివరిదాకా తిప్పేయండి. రెండు వైపులా ఎక్కే పెడల్ అయితే ఒక్కోదానికి రెండేసి మరలు, మొత్తం నాలుగు. ఒకదాన్ని మరిచిపోతే ఆ వైపు కాలు పడినప్పుడే గట్టిగా పట్టేసి బెదరగొడుతుంది.

సైకిలును గోడ పక్కన నిలిపి, గోడకు చెయ్యి ఆనించి సీటు మీద కూర్చోండి. ఒక కాలు ఎక్కించండి, విడిపించండి. ముప్ఫై సార్లు. తర్వాత రెండో కాలు, అన్నే సార్లు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు విడిపించడం అందరికీ సులువు. తల వంచి చూడకుండా చేయడం ఇక్కడే అలవాటు చేసుకోవాలి.

ఆ తర్వాత ఖాళీ మైదానం. గడ్డి ఉంటే మరీ మంచిది. తేలిక గేరులో మెల్లగా తొక్కుతూ, ఆగకుండానే ఒక కాలు విడిపించి మళ్లీ ఎక్కించండి. అది కుదిరాక నేల మీద ఒక గుర్తు పెట్టుకుని అక్కడ ఆగడం సాధన చేయండి. వరస ముఖ్యం: గుర్తుకు పదిహేను ఇరవై మీటర్ల ముందే కాలు విడిపించాలి, విడిపించిన బూటు మధ్యభాగాన్ని పెడల్ మీద పెట్టాలి (క్లీట్ పెడితే మళ్లీ ఎక్కేస్తుంది), ఆ తర్వాతే బ్రేకు. ఆగబోయే ముందు సీటు మీంచి ముందుకు దిగి, విడిపించిన కాలి వైపుకే ఒళ్లు కొద్దిగా వాల్చాలి. కుడికాలు విడిపించి ఎడమకు ఒరగడం, ఇదే అసలు పొరపాటు. ఎప్పుడూ ఒకే కాలు దించే అలవాటు చేసుకోండి. కానీ రెండోదాన్ని కూడా సాధన చేసి ఉంచండి, సైకిలు ఎటు ఒరుగుతుందో ప్రతిసారీ మన చేతిలో ఉండదు.

బయల్దేరేటప్పుడు ఎక్కి ఉన్న కాలి పెడల్‌ను ముందుకు, పైకి తెచ్చి గట్టిగా ఒక తొక్కు తొక్కండి. రెండో బూటు క్లీట్ వెంటనే పడకపోతే వెతుక్కోవద్దు. మధ్యభాగంతోనే తొక్కుతూ కూడలి దాటేయండి, ఆ తర్వాత ఎక్కించండి.

ఇంతా చేసి ఎప్పుడైనా ఒరిగిపోతుంటే చెయ్యి చాపకండి. మణికట్టు, మెడ పక్క ఎముక విరిగేది అలా చాపినప్పుడే. హ్యాండిల్ పట్టుకునే ఉండి భుజం, తుంటి నేలకు తగిలేలా పడితే చాలావరకు గీరుకుపోవడంతో పోతుంది.

రెండు బోల్టుల క్లీట్ మంచిదా, మూడు బోల్టులదా?

నేర్చుకునేవాళ్లకు రెండు బోల్టులదే. రోడ్డు పందేల వాళ్లు వాడే మూడు బోల్టుల పద్ధతిని లుక్ సంస్థ 1984లో తెచ్చింది. 1985లో ఫ్రెంచ్ రేసర్ బెర్నార్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ పందెం గెలిచాడు. షిమానో రెండు బోల్టుల ఎస్‌పీడీ 1990లో వచ్చింది. మూడు బోల్టుల క్లీట్ వెడల్పుగా ఉంటుంది, పాదానికి ఆనుడు ఎక్కువ. కానీ అది అడుగు నుంచి బయటికి పొడుచుకు ఉంటుంది. సైకిలు చెడి అర కిలోమీటరు నడవాల్సి వచ్చిందంటే నున్నటి నేల మీద జారుతుంది, ప్లాస్టిక్ అరిగిపోతుంది. రెండు బోల్టులదైతే అడుగు లోపలికి దిగి ఉంటుంది. మామూలుగానే నడవొచ్చు, పెడల్‌కు ఏ వైపు తగిలినా ఎక్కుతుంది.

ఎస్‌పీడీలోనే రెండు రకాల క్లీట్లున్నాయి. మామూలుగా పెడళ్లతో పాటు వచ్చే ఎస్‌హెచ్ 51 మడమను పక్కకు తిప్పితేనే వదులుతుంది. ఎస్‌హెచ్ 56 పైకి, వంకరగా గుంజినా వదిలేస్తుంది. భయం బాగా ఉన్నవాళ్లు మొదటి నెలలు 56 వాడి తర్వాత మార్చుకోవడం తెలివైన పని. నిలబడి బలంగా తొక్కేటప్పుడు మాత్రం 56 అనుకోకుండా ఊడొచ్చు. షిమానో మూడు బోల్టుల వాటిలో పసుపు కొసల క్లీట్ 6 డిగ్రీలు, నీలం 2 డిగ్రీలు పాదాన్ని అటూ ఇటూ కదలనిస్తాయి, ఎరుపు అసలు కదలనివ్వదు. మొదటిసారి పసుపే తీసుకోండి. లుక్ క్లీట్, షిమానో క్లీట్ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని పెడల్‌లో ఇంకోటి సరిగా కూర్చోదు.

క్లిప్‌లెస్‌కు మారి మూడు వారాలైంది. మోకాలి లోపలి పక్క నొప్పి, కాలివేళ్లు తిమ్మిరి. మామూలు పెడళ్లతో ఇవేవీ లేవు.

మామూలు పెడల్ మీద పాదం తనకు నచ్చిన కోణంలో కూర్చుంటుంది, ఇబ్బందైతే తనే సర్దుకుంటుంది. క్లీట్ ఆ వెసులుబాటు తీసేస్తుంది. దాన్ని కొద్ది మిల్లీమీటర్లు తప్పుగా బిగించినా, గంటకు ఐదువేల చుట్ల పాటు మోకాలు ఆ తప్పునే మోస్తుంది.

బూట్లు తొడుక్కుని, బొటనవేలి మొదట్లో లోపలి పక్క ఉబ్బుగా తగిలే ఎముకను, చిటికెనవేలి మొదట్లో బయటి పక్క తగిలే ఎముకను పైనుంచే తడిమి గుర్తించండి. రెండు చోట్లా చిన్న టేపు ముక్క అంటించండి. పెడల్ ఇరుసు ఈ రెండు గుర్తులకు మధ్యన పడేలా క్లీట్ ఉండాలి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే క్లీట్ చాలావరకు ముందుకు ఉండి ఉంటుంది, 2 లేదా 3 మి.మీ. మడమ వైపుకు జరపండి. బూటు పట్టీ బిగుతు కూడా చూసుకోండి, తొక్కేకొద్దీ పాదం ఉబ్బుతుంది.

ఇక కోణం. బల్ల అంచున కూర్చుని కాళ్లు వేలాడదీసి, పాదాలు సహజంగా ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. వేళ్లు బయటికి చూసే పాదాన్ని బలవంతంగా నిటారుగా బిగిస్తే మోకాలు మెలిపడుతుంది. మీ నొప్పికి ఇదే కారణం కావడానికి ఎక్కువ అవకాశం. పాత స్థానాన్ని పెన్నుతో గీసి ఉంచుకుని ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

సీటు ఎత్తు కూడా కొలవండి. బూటు అడుగు, పెడల్ మందం మారాయి కాబట్టి పాత ఎత్తు ఇప్పుడు సరిపోకపోవచ్చు. మోకాలి ముందు నొప్పి అయితే సీటు తక్కువైందని, వెనక నొప్పి అయితే ఎక్కువైందని సాధారణంగా అనుకోవచ్చు. 3 మి.మీ. చొప్పున మార్చి చూడండి. రెండు వారాలు సర్దినా తగ్గకపోతే, వాపు కనిపిస్తే తొక్కడం ఆపి డాక్టరుకు చూపించండి.

మడమ ఎంత తిప్పినా బూటు తిరుగుతోంది కానీ పెడల్ వదలడం లేదు. ఎందుకిలా?

క్లీట్ బోల్టు వదులైంది, లేదా ఒకటి ఊడిపోయింది. మిగిలిన బోల్టు చుట్టూ బూటు తిరుగుతుంది, క్లీట్ మాత్రం పెడల్‌లోనే కదలకుండా ఉంటుంది. కాలితో పోరాడకండి. రెండో కాలు విడిపించి ఆ వైపే ఆగి, ఇరుక్కున్న బూటు పట్టీలు విప్పి పాదాన్ని బయటికి తీసేయండి. తర్వాత స్ప్రింగు మరను పూర్తిగా వదులు చేసి, వెనక పట్టును స్క్రూడ్రైవర్‌తో నెట్టి పట్టుకుని బూటును లాగితే వస్తుంది.

ఇది రాకుండా చూసుకోవడం తేలిక. బోల్టు మరలకు కాస్త గ్రీజు రాసి 4 మి.మీ. అలెన్ కీతో 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. మొదటి సవారీ కాగానే మళ్లీ ఒకసారి చూడండి, క్లీట్ పళ్లు అడుగులోకి దిగి బోల్టు తప్పకుండా కొంత వదులవుతుంది.

పంక్చరైతే కొత్త ట్యూబు వేశాను. పది నిమిషాల్లో అదీ పోయింది. ట్యూబు నాసిదా?

ట్యూబును అనుమానించే ముందు టైరును వెతకండి. మొదటిదాన్ని పొడిచిన ముల్లు ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. కారణం దొరక్కుండా కొత్త ట్యూబు వేయడమంటే దాన్నీ పోగొట్టుకోవడమే.

వెనక చక్రమైతే ముందు అతి చిన్న పళ్ల చక్రం మీదికి గేరు మార్చండి, చక్రం తేలిగ్గా వస్తుంది. టైరును ఒక పక్కే రిమ్ములోంచి తీసి ట్యూబు లాగండి. టైరు ఏ చోట వాల్వ్‌కు ఎదురుగా ఉందో గుర్తుంచుకోండి (టైరు మీది అక్షరాలను ఎప్పుడూ వాల్వ్ దగ్గరికే వచ్చేలా ఎక్కించుకుంటే ఈ బాధ ఉండదు). ట్యూబుకు గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుని తిప్పండి, సన్నటి గాలి చర్మానికి తెలుస్తుంది. చిల్లు దొరికాక ట్యూబును చక్రం పక్కన పరిచి వాల్వ్ నుంచి అంతే దూరంలో టైరును చూడండి. ట్యూబు తిరగబడి ఉండొచ్చు కాబట్టి రెండు వైపులా చూడాలి.

టైరు లోపల వట్టి వేళ్లు పెట్టకండి, కోసుకుంటాయి. ఒక గుడ్డ ముక్కను లోపలంతా తిప్పితే ఎక్కడ పట్టుకుంటే అక్కడుంది ముల్లు. అన్నిటికన్నా మోసం చేసేది లారీ టైర్ల నుంచి రాలే వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగ. బయటికి కనిపించదు, టైరును వెనక్కి వంచినప్పుడే కొస మెరుస్తుంది. పట్టుకారుతో లాగాల్సిందే.

చిల్లు ఎక్కడుందన్నదే కారణం చెబుతుంది. పాము కాటులా పక్కపక్కన రెండు గాట్లుంటే గాలి తక్కువై గుంత అంచు కొట్టింది. రిమ్ము వైపు చిల్లుంటే రిమ్ము లోపల అంటించిన టేపు జరిగి స్పోకు రంధ్రం అంచు కోసింది, ముల్లు కోసం వెతకక్కర్లేదు. వాల్వ్ మొదట్లో చిరిగితే గాలి కొట్టేటప్పుడు పంపును అటూ ఇటూ ఊపారు.

ఇప్పుడు ఎక్కించడం. ట్యూబుకు గుండ్రంగా నిలిచేంత గాలి పట్టించి లోపల పెట్టండి. టైరు అంచును వాల్వ్‌కు ఎదురు వైపు మొదలుపెట్టి రెండు చేతులతో రెండు పక్కలా నొక్కుకుంటూ వాల్వ్ దగ్గర ముగించండి. వాల్వ్ దగ్గర టైరు అంచు రిమ్ము మధ్యనున్న లోతుకు దిగలేదు. అందుకే అది చివరికి రావాలి, మిగతా అంచంతా ఆ లోతులో ఉంటే ఆఖరి జానెడుకు వదులు దొరుకుతుంది. బిగుతైతే టైరు చుట్టూ నొక్కి అంచును మళ్లీ మధ్యకు దించండి. ఆఖర్లో టైర్ లీవర్ (టైరు అంచును ఎత్తే పనిముట్టు) వాడితే ట్యూబు నలిగి కొత్త పంక్చర్ పడుతుంది. అయ్యాక వాల్వ్‌ను ఒకసారి పైకి, లోపలికి నెట్టి వదలండి, అంచు కింద ఇరుక్కున్న ట్యూబు జరుగుతుంది. రెండు పక్కలా చూసుకుని 30 పి.ఎస్.ఐ. దాకా కొట్టి, రిమ్ము పక్కన టైరు మీది గీత చుట్టూ సమానంగా కనిపిస్తే అప్పుడు పూర్తిగా కొట్టండి.

టైరే కోసుకుపోతే లోపలి నుంచి ఆ చోట గట్టి ప్లాస్టిక్ గానీ పాత టైరు పక్క ముక్క గానీ పెట్టి, తక్కువ గాలితో మెల్లగా ఇల్లు చేరండి. గ్యాస్ గొట్టంతో గాలి నింపినవాళ్లు మర్నాడు అది వదిలేసి మామూలు గాలి కొట్టుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ ట్యూబు రబ్బరు గుండా త్వరగా జారిపోతుంది.

ట్యూబ్‌లెస్ టైరు చిల్లును లోపల పోసిన సీలెంట్ ద్రవం మూయలేదు. దారిలో ఏం చేయాలి?

చిల్లు అడుగుకు వచ్చేలా చక్రాన్ని తిప్పి అర నిమిషం ఆగండి, ద్రవం అక్కడ చేరుతుంది. ఆగకపోతే రబ్బరు ప్లగ్గు గుచ్చండి. అదీ కాకపోతే ట్యూబే. కానీ ట్యూబ్‌లెస్ టైరులో ఎప్పుడెప్పుడో గుచ్చుకుని ద్రవం మూసేసిన ముళ్లు ఇంకా ఉంటాయి. అన్నీ పీకకుండా ట్యూబు వేస్తే మొదటి కిలోమీటరులోనే పోతుంది. ట్యూబ్‌లెస్ వాల్వ్‌ను విప్పి జేబులో వేసుకోవడం మరవద్దు.

సంచిలో తప్పనిసరిగా ఏమేం ఉండాలి?

మీ టైరు కొలతకు సరిపోయే ట్యూబు, రెండు టైర్ లీవర్లు, పంపు, ప్యాచ్‌లు, సొల్యూషన్, చైను విప్పే పనిముట్టు ఉన్న అలెన్ కీల గుత్తి, మీ చైనుకు సరిపడే క్విక్ లింక్ (తెగిన చైను కొసలను కలిపే లింకు) ఒక జత, గుడ్డ ముక్క. సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీశాక కొన్ని నెలల్లో ఎండిపోతుంది, కాబట్టి కొత్తది చూసుకుంటూ ఉండండి. రాశాక నాలుగైదు నిమిషాలు పూర్తిగా ఆరనిచ్చాకే ప్యాచ్ వేయాలి. తడిగా ఉండగా వేసిన ప్యాచ్ లేచిపోతుంది.

ఎత్తు ఎక్కుతుండగా చైను తెగింది. నెట్టుకుంటూ వచ్చాను. బాగుచేసుకోగలిగేవాడినా?

పది నిమిషాల పని. చైనులో లోపలి పలకల లింకు, బయటి పలకల లింకు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. క్విక్ లింక్ బయటి పలకల స్థానంలో కూర్చుంటుంది, కాబట్టి రెండు కొసలూ లోపలి పలకలతో ముగియాలి. విరిగింది బయటి లింకే అయితే దాన్ని తీసి క్విక్ లింక్ పెడితే పొడవు తగ్గదు. లోపలిది విరిగితే దానికి రెండు పక్కలా ఉన్న బయటి లింకులను కూడా తీయాలి, చైను ఒక అంగుళం తగ్గుతుంది. అప్పుడు ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం కలిపి వాడొద్దు. చైను బిగిసి డీరైలర్ (వెనక గేర్లు మార్చే భాగం) విరుగుతుంది.

క్విక్ లింక్ కలిపాక దాన్ని పై వరసకు తెచ్చి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్ గట్టిగా నొక్కండి, టక్‌మని కూర్చుంటుంది. తొమ్మిది గేర్ల లింకు పదకొండు గేర్ల చైనుకు పట్టదు, కొనేటప్పుడే చూసుకోండి. పాత పిన్నునే తిరిగి కొట్టి కలపడం పది, పదకొండు గేర్ల చైనుల్లో అసలు నమ్మదగ్గది కాదు. తెగిన చోటే మళ్లీ తెగుతుంది.

సైకిలు కుడివైపు పడింది. అప్పటినుంచి పెద్ద పళ్ల చక్రం మీద స్పోకులకు ఏదో తగులుతున్న చప్పుడు.

వెంటనే ఆ గేరు వాడటం మానేయండి. డీరైలర్‌ను ఫ్రేముకు కలిపే హ్యాంగర్ వంగింది. పడినప్పుడు ఫ్రేము బదులు తనే వంగాలని దాన్ని మెత్తటి లోహంతో చేస్తారు. వెనక నిలబడి చూస్తే డీరైలర్ చక్రాలు సైకిలు చక్రానికి వాలుగా కనిపిస్తాయి. అలాగే తొక్కితే డీరైలర్ స్పోకుల్లోకి వెళ్లిపోతుంది, చక్రం, ఫ్రేము కూడా పోవచ్చు. ఎల్ అని రాసిన మరను లోపలికి తిప్పి పెద్ద చక్రం మీదికి గేరు వెళ్లకుండా ఆపి, మధ్య గేర్లలో ఇంటికి రండి. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉంటుంది, మీదానికి సరిపోయేది ఒకటి ముందే కొని ఉంచుకోండి.

గేరు తీగ తెగిన పాఠకులకు కూడా ఇక్కడే చెబుతున్నాం. చాలా డీరైలర్లు తీగ తెగితే అతి చిన్న చక్రం మీదికి, అంటే అన్నిటికన్నా బరువైన గేరుకు వెళ్లిపోతాయి. హెచ్ మరను లోపలికి తిప్పితే ఒకటి రెండు చక్రాలు లోపలికి జరిగి తొక్కగలిగే గేరు వస్తుంది.

స్పోకు ఒకటి తెగింది. తొక్కవచ్చా?

తెగిన ముక్కను పక్క స్పోకుకు చుట్టేయండి, ఎక్కడా తగలకూడదు. రిమ్ము బ్రేకైతే ఆ బ్రేకును తెరిచి ఉంచండి, చక్రం బెండు అక్కడే రాసుకుంటుంది. అప్పుడు మిగిలిన బ్రేకు ఒక్కటేనని గుర్తుంచుకుని మెల్లగా రండి. స్పోకు కీ ఉంటే, తెగినదానికి అటూ ఇటూ ఉన్న రెండు స్పోకులను అర చుట్టు వదులు చేస్తే బెండు చాలావరకు తగ్గుతుంది. తరచూ తెగుతుంటే కొత్త స్పోకు వేయించి ఊరుకోవద్దు, చక్రం మొత్తం బిగుతు సరిచేయించాలి.

చక్రం తీసి పెట్టాక డిస్క్ బ్రేకు రాసుకుంటోంది.

ముందు చక్రం పూర్తిగా కూర్చుందో లేదో చూడండి, చాలాసార్లు అదే. కాకపోతే క్యాలిపర్ (ప్యాడ్లు ఉండే బ్రేకు భాగం) రెండు బోల్టులు వదులు చేసి, బ్రేకు లీవర్ నొక్కి పట్టుకునే వాటిని మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. చక్రం లేనప్పుడు లీవర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చి డిస్కు దూరదు. ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టి ఉంచండి. పొడవాటి దిగువ దిగిన వెంటనే డిస్కును ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది.